తడబడు అడుగుకు అభ్యాసము



పక్షవాతము వచ్చి, ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి యిల్లు చేరిన మనిషిని చూచుటకు వచ్చిన బంధువులు, మంచము ప్రక్కన కూర్చుండి, ఏ మందులు వాడుచున్నారనియు, ఏ డాక్టరు చూచుచున్నాడనియు, పథ్యమేమనియు ఒకటొకటిగ అడుగుదురు గాని, ఈ పూట ఎన్నిసార్లు లేచి కూర్చున్నారు, ఆ చేతితో ఏమేమి చేయగలిగినారు అని యడుగువారు చాల అరుదు. మందు కడుపులోనికి పోయి తన పని తాను చేసికొనుననియు, రోగి చేయవలసినదెల్ల మెదలక పడియుండుటయే యనియు మనవారిలో నాటుకొనిపోయిన నమ్మకము. నాలుగు దినములలో తగ్గు జ్వరము విషయములో ఇది చాలవఱకు నిజమే కావచ్చును. కాని కీళ్ళు బిగుసుకొని పోయినపుడును, మెదడునకో వెన్నుపామునకో దెబ్బ తగిలి కాలుసేతులు స్వాధీనము తప్పినపుడును, నిలుచున్నచోటనే దేహము తూలిపోవుచున్నపుడును, ఈ నమ్మకము చేయు కీడు ఇంతింత యని చెప్పరాదు. ఈ మూడు విధములైన బాధలలోను, రోగి తాను స్వయముగ, తగిన రీతిని, మరల మరల చేయు కదలికయే చికిత్సలో ప్రధానభాగము. తక్కినవన్నియు దానికి తోడ్పాటులు. ఫిజియోథెరపీ యనునది ఆ కదలికను నేర్పు విద్య.

ఈ సత్యమును తేటపఱచిన వృత్తాంతమొకటి వైద్యచరిత్రలో నిలిచియున్నది. స్విట్జర్లాండు దేశమున హైడెన్ అను చిన్న యూరిలో హైన్రిఖ్ ఫ్రెంకెల్ అను నాడీవైద్యుడుండెను. 1887 ప్రాంతమున ఆయన యొక రోగిని పరీక్షించుచు, చేయి చాచి, చూపుడువ్రేలి కొనతో తన ముక్కుకొనను తాకుమనగా, ఆ వ్రేలు గుఱి తప్పి అటునిటు పోయెను. రోగికి టేబీస్ అను వెన్నుపాము జబ్బు. సిఫిలిస్ ముదిరి, వెన్నుపాము వెనుకభాగమున మెదడునకు వార్తలు కొనిపోవు నాడీతంతువులను చెఱచుట వలన కలుగునది. ఈ జబ్బులో కండబలము పెద్దగ తగ్గదు. అయినను కాలెక్కడ నున్నదో, మోకాలెంత వంగినదో, మడమ నేలను తాకినదో లేదో తెలుపు వార్త మెదడునకు చేరదు గనుక, బలముండియు మనిషి నిలువలేక తూలును. కొన్ని నెలల పిమ్మట ఆ రోగియే మరల వచ్చి, అదే పరీక్షను చాలవఱకు తడబాటు లేక చేసి చూపెను. ఇంతటి మార్పెట్లు కలిగెనని ఫ్రెంకెల్ ఆశ్చర్యపడి యడుగగా, పరీక్షలో నెగ్గవలెనను పట్టుదలతో ఇంటివద్ద అభ్యాసము చేసితినని అతడు చెప్పెనట. చికిత్సను రోగియే కనుగొన్నాడు. దానిని చికిత్సగ గుర్తించిన ఘనత మాత్రము ఆ వైద్యునిది. రోగి నోటిమాటను అంత శ్రద్ధగ విన్న వైద్యుడు గనుకనే ఆయన పేరు నేటికిని మా ఫిజియోథెరపీ పాఠ్యగ్రంథములలో నిలిచినది.

ఫ్రెంకెల్ ఏర్పఱచిన వ్యాయామములను మేమిప్పటికిని నేర్పుచున్నాము. రోగిని వెల్లకిల పరుండబెట్టి, తన కాళ్ళు తనకు కనబడునట్లు తలక్రింద దిండెత్తి పెట్టి, ఒక మడమను పఱుపుపై నుండి లేవనీయక నెమ్మదిగ జరుపుచు మోకాలు వంచుమనియు, మరల అంతే నెమ్మదిగ చాపుమనియు చెప్పుదుము. రోగి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెట్టుచు, ఆ లెక్కకు సరిగ కాలు కదిపి, చెప్పిన అంకె దగ్గఱ చెప్పినచోట ఆపవలెను. అది పట్టుబడిన పిమ్మట, కూర్చుండి, నేలపై సుద్దతో గీచిన గుర్తులమీద పాదము మోపుట. తరువాత లేచి నిలుచుట. ఆపైన నేలపై వేసిన పాదముద్రలలోనే అడుగులిడుచు నడచుట, ప్రక్కవాటుగ నడచుట, నిలిచి వెనుకకు తిరుగుట. కాలు విసరి వేయుట వీరికి సులభము. నెమ్మదిగ, నడుమ వణకక, అనుకొన్నచోట ఆపుటయే కఠినము. సంగీతము నేర్చు పిల్లలు సరళీస్వరములను మూడవకాలములో గడగడ అప్పగించి, మొదటికాలములో స్వరము నిలుపలేక తడబడుదురు గదా, ఇదియు నట్టిదే. చెడిన తంతువు బాగుపడక పోయినను, మిగిలిన తంతువులు తెచ్చు కొద్దిపాటి వార్తను, కంటిచూపు తెచ్చు వార్తను జోడించుకొని మెదడు పనిని క్రొత్తగ నేర్చుకొనుచున్నది. అట్లు నేర్చుటకు ఆవృత్తి తప్ప వేఱుపాయము లేదు.

నిలుచుట కూడ ఒక పనియేనని ఆరోగ్యవంతునకు తోచదు. కాని మనము ఊరక నిలుచున్నపుడు సైతము కళ్ళు ఒక వార్తను, లోపలి చెవిలోని అర్ధవృత్తాకారపు నాళికలు మొదలైనవి మఱియొక వార్తను, అరికాళ్ళు, చీలమండలు, మోకాళ్ళు, మెడ వేఱొక వార్తను ఎడతెగక పంపుచుండగా, మెదడు వానిని సరిచూచుకొని, క్షణక్షణమును కండరములను సవరించుచునే యుండును. మూటిలో ఒకటి తప్పినను తక్కిన రెండును ఎట్లో నెట్టుకొని వచ్చును. రెండవది కూడ తప్పెనా, పడుటయే. పాదములు చేర్చి నిలుచుండి కళ్ళు మూయుమను పరీక్షకు 19వ శతాబ్దపు జర్మను వైద్యుడు రోంబర్గ్ పేరు నిలిచినది గాని, ఆ పరీక్ష మన యిండ్లలో దినదినము జరుగుచునే యున్నది: మొగమునకు సబ్బు రాచికొని కళ్ళు మూసికొన్నంతనే కుళాయి దగ్గఱ తూలిపడు పెద్దలు, రాత్రివేళ దీపము వేయక పెరటిలోనికి పోయి గడప తట్టుకొను పెద్దలు ఎందఱు లేరు? బహుకాలముగ మధుమేహముతో బాధపడువారిలో కొందఱు, కాలి చెప్పు జాఱిపోయినను తెలియుట లేదని చెప్పుదురు. ఆ మాట వినిన ఇంటివారు దానిని ముసలితనపు మతిమఱపుగ కొట్టివేయరాదు; అరికాలు నుండి పోవలసిన వార్త నిలిచిపోయినదని దాని యర్థము. అట్టివాని నిలుకడ యంతయు కంటిచూపుమీదనే ఆధారపడియున్నది గనుక, చీకటియే వానికి శత్రువు.

ఇట్టివారిని కదలనీయక కూర్చుండబెట్టుటయే క్షేమమని తలచుట సహజమే గాని, కూర్చున్నకొలది కాళ్ళ బలము తఱిగి, పడు ప్రమాదము పెరుగును. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు 1990 దశకమున వృద్ధుల కొఱకు ఒక వ్యాయామక్రమమును రూపొందించిరి; చీలమండలకు చిన్న బరువులు కట్టి కాళ్ళ కండరములను బలపఱచుట, మడమలెత్తి మునివ్రేళ్ళపై నిలుచుట, ఒక పాదము ముందు మఱియొక పాదము ఆనించి నడచుట, చేతుల ఆధారము లేక కుర్చీ నుండి లేచుట మొదలైనవి అందలి అంశములు. శిక్షకులు ఇంటికే వచ్చి నేర్పి పోవగా, వారమునకు మూడుమారులు చేసిన వృద్ధులలో పడుటలు సుమారు మూడింట ఒక వంతు తగ్గినట్లు తేలినది. ఇందులో మన వంటింటి గట్టు పట్టుకొని చేయరానిదేదియు లేదు. గట్టుపై రెండు చేతులతో మొదలిడి, కొన్ని వారములకు ఒక చేయి, ఆపైన రెండు వ్రేళ్ళు, తుదకు ఏ ఆధారమును లేకుండ నిలుచువఱకు పోవచ్చును, ప్రక్కన ఒకరు నిలువవలెను, అంతే.

కళ్ళు తిరుగుటను గూర్చి ఇచ్చట కొంత నిదానించి చెప్పవలెను. ఏలయన ఇందులో సులభముగ తీఱు బాధ ఒకటి యుండగా, అనేకులు దానిని నెలల తరబడి మోయుచున్నారు. ప్రక్కపై ఒకవైపు నుండి మఱియొకవైపునకు ఒత్తిగిల్లినంతనే, లేక అటకపై డబ్బా కొఱకు తల పైకెత్తినంతనే, ఇల్లంతయు గిఱగిఱ తిరిగిపోయి, ఒక నిమిషమునకు లోపలనే సద్దుమణుగు తిరుగుడు కొందఱికి వచ్చును. గ్యాసనియు, రక్తపుపోటనియు, నరముల బలహీనతయనియు అనుకొని వారు మాత్రలు మ్రింగుచుందురు. ఇట్టివారిలో పెక్కుమందికి జరిగినదేమనగా, లోపలి చెవిలో ఒకచోట నుండవలసిన కాల్షియం కార్బొనేటు రేణువులు కొన్ని ఊడి, అర్ధవృత్తనాళికలోనికి జాఱి, తల కదలినపుడెల్ల అందలి ద్రవమును కదలించి, మెదడునకు అబద్ధపు వార్త పంపుచున్నవి. మందు ఆ రేణువులను వెనుకకు తీసికొనిరాజాలదు. అమెరికాలో జాన్ ఎప్లీ యను చెవి వైద్యుడు 1992లో ప్రకటించిన ప్రక్రియ వానిని మరలించును. రోగిని బల్లపై కాళ్ళు చాపి కూర్చుండబెట్టి, తలను బాధగల చెవివైపు 45 డిగ్రీలు త్రిప్పి, ఆ తిరుగుడు సడలనీయక వెల్లకిల పరుండబెట్టి, తల బల్ల యంచునకు కొంచెము క్రిందుగ వ్రాలునట్లు పట్టుకొందుము. అపుడు కనుగ్రుడ్లు ఒక ప్రక్కకు అదరుచు కొట్టుకొనును. రోగి భయముతో మా ముంజేయి బిగబట్టును. ఆ యుద్ధృతి తగ్గువఱకు, అర నిమిషమో ఒక నిమిషమో, అట్లే నిలిపి, తలను రెండవవైపునకు 90 డిగ్రీలు త్రిప్పి, పిదప దేహమును గూడ ఆ ప్రక్కకు దొర్లించి మొగము నేలను చూచునట్లు చేసి, చివరకు మెల్లగ లేపి కూర్చుండబెట్టుదుము. ఒకటి రెండు మారులు చేసినంతనే పెక్కుమందికి బాధ నివారణమగును. అయితే ఏ చెవి, ఏ నాళిక యని తేల్చుకొనక ఇంటిలో ఎవరికివారు చేయదగినది కాదిది. మెడ యెముకల బాధ గలవారు మొదటనే చెప్పవలెను. తిరుగుడుతో పాటు మాట ముద్దగ వచ్చినను, వస్తువులు రెండుగ కనబడినను, ఒక ప్రక్క చేయి గాని కాలు గాని పట్టు తప్పినను, అది చెవి బాధ కాదు, పక్షవాతము కావచ్చును. తత్క్షణమే పెద్ద ఆసుపత్రికి పోవలెను. మెదడు రక్తనాళములో అడ్డుపడిన గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల పడిననే ప్రయోజనము.

పక్షవాతమును గూర్చి మన యిండ్లలో ప్రేమతోనే జరుగు అపకారములు కొన్ని కలవు. రోగిని మంచముమీద నుండి లేపుటకు, పడిపోయిన చేతినే పట్టుకొని లాగుదురు; లేదా చంకల క్రింద చేతులు వేసి యెత్తుదురు. భుజపుకీలును పట్టి యుంచునవి ముఖ్యముగ కండరములు. అవి పట్టు వదలిన దశలో చేతి బరువునకే ఆ కీలు క్రిందికి జాఱుచుండగా, పైనుండి మనము లాగినచో, నెలల పాటు నిద్రపట్టనీయని భుజపునొప్పికి అదియే కారణమగును. కూర్చున్నపుడు ఆ చేతి క్రింద దిండు పెట్టవలెను. లేపునపుడు నడుము చుట్టును, భుజపుటెముక వెనుకను చేతులు వేసి పట్టుకొనవలెను. కుర్చీ నుండి లేచు పద్ధతి కూడ నేర్పవలసినదే: పిఱుదులను కుర్చీ యంచునకు జరిపి, పాదములను మోకాళ్ళకంటె కొంచెము వెనుకకు తీసికొని, ముక్కు కాలివ్రేళ్ళ మీదికి వచ్చువఱకు దేహమును ముందునకు వంచినచో, పిఱుదులు తమంత తామే తేలికపడి లేచును. పాదములు ముందునకు చాచి, వెనుకకు వాలి యున్న రోగిని ఇద్దఱు పట్టి లాగినను లేపజాలరు. లేచినను రోగికి భయమే మిగులును.

రెండవ అపకారము మఱింత సూక్ష్మమైనది. బాగున్న చేతితోనే అన్నియు చేసికొనుట అలవాటగుచున్నకొలది, జబ్బు చేయి తన పనిని మఱచిపోవును. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనల ననుసరించి, బాగున్న చేతికి తొడుగు వేసి, మేలుకొన్న కాలములో అధికభాగము దానిని వాడనీయక, రెండు వారముల పాటు జబ్బు చేతితోనే పనులు చేయించు పద్ధతి యేర్పడినది. పక్షవాతము వచ్చి మూడు మొదలు తొమ్మిది నెలలైన రోగులపై దీనిని పరీక్షించి, ఫలితము కనబడినదని 2006లో ప్రకటించిరి. మణికట్టును, వ్రేళ్ళను కొంతైన చాపగలవారికే ఇది చెల్లునను మాట నిజము. కాని ఇందలి సారము అందఱికిని వర్తించును: పప్పుగింజలను ఒక గిన్నె నుండి మఱియొక గిన్నెలోనికి తీయుట, తువాలు మడచుట, చొక్కా గుండీ పెట్టుకొనుట, ఇట్టి పనులను ఆలస్యమైనను ఆ చేతితోనే చేయనిచ్చుట. ఇంటివారు జాలిపడి ముందుకు వచ్చి ఆ గుండీ తామే పెట్టినచో, ఆ పూట పాఠము పోయినట్లే.

అట్లని తొందర కూడదు. పక్షవాతము వచ్చిన 24 గంటలలోపలనే రోగిని లేపి మిక్కుటముగ శ్రమపెట్టిన యెడల ఫలితము మెఱుగుపడకపోగా కొంత చెడినదని, రెండు వేలమందికి పైగ రోగులపై జరిగిన యొక పెద్ద పరిశోధన 2015లో తేల్చినది. మొదటి దినములలో కొద్దికొద్దిగ, తఱచుగ. తరువాత దినదినమును హెచ్చుగ. మొదటి మూడు నెలలలో మార్పు వేగముగ నుండును. ఆ పిమ్మట నెమ్మదించును గాని ఆగిపోదు. ఇట్టి విలువైన మూడు నెలలను పసరుమందుల కొఱకు ఊరూరు తిరుగుటలో పోగొట్టుకొని, కాలుసేతులు వంకరలు తిరిగిన తరువాత వచ్చువారిని చూచినపుడు కలుగు వేదన మాటలకందదు.

ఇక కీళ్ళ సంగతి. అలిపిరి నుండి కొండకు నడచువారికి 3,550 మెట్లు. అందులో మోకాళ్ళ మిట్ట పేరు వినిననే నడివయస్సు దాటినవారు నిట్టూర్తురు. మెట్లు ఎక్కునపుడును దిగునపుడును మోకాలిపై పడు భారము శరీరపు బరువునకు మూడు రెట్లకు పైబడును. మోకాలిలో గుజ్జు అరిగిపోయినదని డాక్టరు చెప్పినంతనే, ఇక కదలిననే అరుగునని భయపడి, కుర్చీకి అతుక్కొనిపోవువారున్నారు. గుజ్జు అనబడు ఆ మృదులాస్థికి రక్తనాళములు లేవు; కీలు ద్రవము నుండియే దానికి పోషణము; భారము పడి తొలగుచుండుట వలననే ఆ ద్రవము లోనికి పోవుచు వెలికి వచ్చుచు నుండును. కదలని కీలు పస్తున్న కీలు. నొప్పి గల మోకాలిపై తొడ ముందటి కండరము త్వరలో సన్నబడును. అది సన్నబడినకొలది భారమెల్ల ఎముకలపై పడును. అందుచేత మొదట చేయదగినది ఆ కండరమును లేపుట: కాలు చాపి కూర్చుండి, మోకాలి క్రింద చుట్టిన తువాలు పెట్టి, దానిని మోకాలితో అదుముచు, తొడ బిగించి, అయిదు లెక్కించి వదలుట. వ్యాయామము చేయునపుడు కొంత నొప్పి కలిగినంత మాత్రమున మానరాదు; మఱునాటి ఉదయమునకును ఆ నొప్పి తగ్గనిచో, మోతాదు తగ్గింపవలెను. బరువు తగ్గుట కూడ గొప్ప మందు. దేహమున ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని కొలిచి చూచినవారు చెప్పుచున్నారు. కీళ్ళు ఎఱ్ఱబడి, వాచి, వెచ్చబడి యున్న ఆమవాతపు ఉద్రేకదశలో మాత్రము విశ్రాంతియు, సరియైన మందులును ముందు, వ్యాయామము తరువాత.

మధుమేహము గలవారిలో భుజము బిగుసుకొని పోవుట తఱచు. జడ వేసికొనలేకపోవుట, వీపు రుద్దుకొనలేకపోవుట దాని తొలి గుర్తులు, అప్పుడే చికిత్సకు రావలెను. ముందునకు వంగి, ఒక చేయి బల్లపై ఆనించి, బాధగల చేతిని వదులుగ వ్రేలాడవిడిచి మెల్లగ ఊపు పద్ధతి, అమెరికా శస్త్రవైద్యుడు కాడ్మన్ పేరిట నేటికిని వాడుకలో నున్నది.

మా విద్యకు అందని చోట్లును గలవు. తెలుగునేలపై ఫ్లోరోసిస్ అను వ్యాధిని నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో 1937లోనే వైద్యులు గుర్తించి వ్రాసిరి. నల్లగొండ ప్రాంతపు దుఃఖము అందఱెఱిగినదే. నీటిలోని ఫ్లోరైడు పేరుకొని, వెన్నెముక కఱ్ఱబాఱి, కీళ్ళు వంగని స్థితికి వచ్చినవారికి వ్యాయామము కొంత ఉపశమనమే యిచ్చును. అచ్చట అసలు చికిత్స మంచినీరు.

కరెంటు పెట్టించుకొనుటయే ఫిజియోథెరపీ యని మనవారిలో ఒక భావము ప్రబలినది. యంత్రము క్రింద పదిహేను నిమిషములు పరుండి, కొంత హాయి తోచగానే వ్యాయామము చేయకయే వెళ్ళిపోవువారు కలరు. చేయించకయే పంపివేయు చోట్లును కలవు. ఆ హాయి నొప్పిని తాత్కాలికముగ అణచి, వ్యాయామమునకు వీలు కల్పించుటకే గాని, అదియే చికిత్స కాదు. స్పర్శ తగ్గిన మధుమేహపు పాదములకు కాపడము పెట్టి కాల్చుకొనువారిని గూడ చూచుచున్నాము; గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు ఏ యంత్రమునకైనను ముందు ఆ సంగతి చెప్పి తీరవలెను.

పోలియో మహమ్మారి పిల్లల కాళ్ళను కుంటుపఱచుచున్న 1950 దశకమున ఈ విద్య మన దేశములో వేళ్ళూనినది. 1955లో భారతీయ ఫిజియోథెరపిస్టుల సంఘ మేర్పడినది. పోలియో పోయినది, 2014లో మన దేశము దాని నుండి విముక్తమైనదని ప్రకటించిరి. మధుమేహము, పక్షవాతము, వృద్ధాప్యము దాని చోటును ఆక్రమించినవి. ఈ వృత్తిని క్రమబద్ధము చేయుటకు 2021లో పార్లమెంటు చట్టము చేసినది గాని, పల్లెలోని రోగికి ఈ సేవ నేటికిని దూరమే. ప్రతి మండలకేంద్రపు ఆసుపత్రిలోను ఒక ఫిజియోథెరపిస్టు నుంచవలెనని ప్రభుత్వములను మనమందఱము గట్టిగ అడుగవలెను.

అది జరుగువఱకు మీ చేతిలో నున్న పని యొకటి కలదు. మీ యింటి రోగిని ఆసుపత్రి నుండి పంపునాడు, మందుల చీటితో పాటు వ్యాయామముల చీటిని గూడ అడిగి తీసికొనుడు. ఏ వ్యాయామము, ఎన్నిసార్లు, ఏ నొప్పి వచ్చిన ఆపవలెనో వ్రాయించుకొనుడు. ఇంటిలో ఒకరు ఫిజియోథెరపిస్టు ఎదుటనే వానిని రోగిచేత ఒకసారి చేయించి, తప్పులు దిద్దించుకొనిన తరువాతనే బండి యెక్కుడు.